లాలాజీ బేలో రిసార్టు వస్తే లంగరు దించే చోటు మిగులుతుందా?

అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్‌లో, లాలాజీ బే ఒడ్డున పెద్ద రిసార్టు కడతారట, అక్కడ లంగరు వేసుకునే తెరచాప పడవల గతేమిటి, అభ్యంతరం ఎలా చెప్పాలి అని అడిగారు.

లంగరు చోటు పోయేది ఒడ్డు మీది గోడల వల్ల కాదు, నీటి అడుగున జరిగే మార్పుల వల్ల. నీతి ఆయోగ్ ప్రణాళికలో ఈ ద్వీపానికి అనుకున్నది 220 గదులు. గదికి ఇద్దరు చొప్పున, మనిషికి రోజుకు 300 లీటర్లు వేసుకున్నా 1,32,000 లీటర్ల మంచినీళ్లు కావాలి. అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుందనుకుంటే లక్ష లీటర్ల పైమాటే. సిబ్బందిని ఇంకా కలపలేదు. ద్వీపంలో నది లేదు. సముద్రపు నీటినే మంచినీరుగా మార్చాల్సి వస్తే, మిగిలే చిక్కటి ఉప్పునీరు ఎక్కడ వదులుతారు? మీ మొదటి ప్రశ్న ఇదే కావాలి. గొట్టం ఎక్కడ ముగుస్తుందో, అక్కడ లోతెంతో, నీరు ఎటు కదులుతుందో మ్యాపు మీద చూపించమని అడగండి.

రెండోది జెట్టీ, అంటే పడవలు ఆనుకునే రేవు కట్టడం. దానికోసం అడుగు తవ్వితే లేచే సన్నటి బురద ఒక్కరోజులో దిగదు. ప్రతి అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువైనప్పుడు మళ్లీ లేస్తుంది. పగడాల మీద పేరుకుంటే కొత్త పిల్ల పగడాలకు పట్టు దొరకదు, సముద్రపు గడ్డికి వెలుతురు అందదు. ఆ గడ్డే డుగాంగ్‌కు, అంటే సముద్రపు ఆవుకు, తిండి. లంగరుకూ దెబ్బే. పైకి లాగినప్పుడు లంగరు రెక్కకు అంటుకొచ్చేదాన్ని చూడండి. ముతక ఇసుక నీళ్లలోనే రాలిపోతుంది. బూడిదరంగు మెత్తటి బురద గొలుసు కడియాల సందుల్లో ఇరుక్కుని డెక్కు దాకా వస్తుంది. అలాంటి అడుగు మీద గాలి పెరిగితే లంగరు జారుతుంది.

అభ్యంతరం రాసే ముందు మన వైపు తప్పు కూడా సరిచేసుకోవాలి, ఎందుకంటే అవతలివాళ్లు ఎత్తిచూపేది దాన్నే. 10 మీటర్ల లోతులో ఒకటికి ఐదు చొప్పున 50 మీటర్ల గొలుసు వదిలితే, గాలి తిరిగినకొద్దీ అది ఊడ్చే వలయం సుమారు 7,800 చదరపు మీటర్లు దాకా ఉంటుంది. అందులో గడ్డి ఉంటే వేర్లతో సహా లేచిపోతుంది. శుభ్రమైన ఇసుక మచ్చ చూసుకునే దించండి, గొలుసు మధ్యలో ఒక తేలుడు బుడ్డి కట్టి అడుగు నుంచి ఎత్తిపెట్టండి. రిసార్టు వాళ్లనైతే అడుగులోకి స్క్రూలాగా తిప్పి బిగించే మూరింగులు (పడవలు కట్టేసుకునే స్థిరమైన ఆధారాలు) పెట్టమనాలి, కాంక్రీటు దిమ్మలు వద్దు. ఒక్క జాగ్రత్త, పాత చార్టు లోతుల్ని నమ్మకండి. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ తీరం పైకి లేచింది, పోర్ట్ బ్లెయిర్ వైపు సుమారు మీటరు కుంగింది. లోతు మీరే కొలిచి, ఏ సమయం పోటో పక్కన రాయండి.

అసలు పని ఇప్పుడే, పనులు మొదలుకాక ముందే కొలిచిపెట్టుకోవడం. అంకెలు లేని ఉత్తరానికి "పరిశీలించాం" అని ఒక్క ముక్కలో జవాబిచ్చి పక్కన పెట్టేస్తారు. నీరు ఎంత తేటగా ఉందో కొలవడానికి 30 సెంటీమీటర్ల తెల్ల పళ్లెం తాడుకు కట్టి, ఎండ నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడు, పడవ నీడ పడే వైపు నుంచి దించండి. మాయమైన లోతు, మళ్లీ కనిపించిన లోతు రెండూ రాసి సగటు తీయండి. బురద ఎంత పడుతుందో కొలవడానికి 5 సెంటీమీటర్ల వ్యాసం, 30 సెంటీమీటర్ల పొడవున్న పీవీసీ గొట్టాలు మూడు, అడుగు మూసి, ఇనుప ఊచకు నిలువుగా కట్టి, మూతి నేల నుంచి అర మీటరు పైన ఉండేలా పాతాలి. నెలకోసారి తీసి, మట్టిని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి తూయాలి. కడగడం మరిచిపోతే ఉప్పు కూడా తూగుతుంది, లెక్క పెరిగిపోతుంది. మూతికి వల కట్టకపోతే పీతలు కాపురం పెడతాయి. 30 రోజుల్లో ఒక్కో గొట్టంలో 6 గ్రాముల దాకా పడిందంటే చదరపు సెంటీమీటరుకు రోజుకు 10 మిల్లీగ్రాములన్నమాట. అది దాటితే పగడాలకు భారమేనని లెక్క. గొట్టాలు పాతే ముందు అటవీశాఖను అడిగి అనుమతి తీసుకోండి. పగడం ముక్క ఒక్కటి కూడా తేవద్దు, వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడ. బహిరంగ విచారణ పెడతారు కదా, అప్పుడు మాట్లాడదాం అని కూర్చుంటారు. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌లో భవన నిర్మాణాల పద్దుకు, అంటే 8వ పద్దుకు, బహిరంగ విచారణ మినహాయింపు ఉంది. జెట్టీ ఓడరేవుల పద్దు కిందికొస్తేనే విచారణ, దానికి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. కాబట్టి పర్యావరణ అనుమతుల దరఖాస్తులు పెట్టే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు పరివేశ్ పోర్టల్‌లో ద్వీపం పేరుతో వెతకడం వారానికోసారి అలవాటు చేసుకోండి. రిసార్టునూ జెట్టీనీ విడివిడి దరఖాస్తులుగా పెట్టారేమో చూడండి. అలా ముక్కలు చేస్తే మొత్తం నష్టం ఎక్కడా కనిపించదు, ఆ మాటే మీ ఉత్తరంలో మొదటి పేరాలో ఉండాలి. ప్రభావ నివేదికకు వానాకాలం కాని ఒక్క సీజను లెక్కలు చాలంటారు, కానీ వాగుల మట్టి సముద్రంలోకి దిగేది వానల్లోనే. మీ పన్నెండు నెలల గొట్టాల లెక్కకు బలం అక్కడే.

సంతకాలు పడవలవాళ్లవే ఉంటే తేలిపోతుంది. ఊళ్లో డుంగీలు నడిపేవాళ్లనూ, వలలు వేసేవాళ్లనూ కలవండి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి అండమాన్‌లో స్థిరపడ్డ మన జాలర్లున్నారు, వాళ్లతో తెలుగులోనే మాట్లాడి, చేపలు గుడ్లు పెట్టే చోట్లు మ్యాపు మీద గుర్తు పెట్టించుకోండి.

అనుమతి వచ్చేస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులే గడువు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు, ఆపైన వినరు. అండమాన్ కోల్‌కతా బెంచి పరిధి. పనులు మొదలైనా సరే, రిసార్టు వాళ్లు షరతుల అమలు నివేదిక ఏటా జూన్ 1న, డిసెంబరు 1న ఇవ్వాలి. అది రాగానే మీ పళ్లెం లోతులూ గొట్టాల బరువులూ తేదీలవారీగా దాని పక్కన పెట్టి, తేడా ఉన్న చోట కాలుష్య నియంత్రణ కమిటీకి రాయండి.