కాలేజీ మ్యూజియంలో పాత తేనెటీగ దొరికింది, కొత్త జాతి అని పేరు పెట్టేయవచ్చా?

మీరు అడిగింది ఇది: కాలేజీ మ్యూజియం పెట్టెలో నీలి మచ్చలున్న నల్లటి కోయిల తేనెటీగ ఒకటి ఉంది, ఏ వర్ణనతోనూ సరిపోవడం లేదు, ఒక్క నమూనాతో కొత్త జాతిగా ప్రచురించవచ్చా అని. జంతువుల శాస్త్రీయ నామాలకు ఉన్న అంతర్జాతీయ నియమాలు ఒప్పుకుంటాయి. అయినా కొంచెం ఆగమంటాను. మీరు చెప్పిన పోలికలను బట్టి అది థైరియస్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) అయి ఉంటుంది. నేను నాలుగేళ్లు పనిచేసింది దాని మీదే.

కోయిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టే, థైరియస్ ఆడది అమెజిల్లా తేనెటీగల గూళ్లలో గుడ్డు పెడుతుంది. తను పుప్పొడి మోయదు, అందుకే కాళ్ల మీద పుప్పొడి పట్టే వెంట్రుకల కుచ్చులు ఉండవు. ఇలాంటి పరాన్నజీవులు సాధారణంగా ఆతిథ్య జాతికంటే తక్కువగా ఉంటాయి. సాయంత్రం ఎండు పుల్లను దవడలతో కరిచి పట్టుకుని నిద్రపోతాయి కాబట్టి అప్పుడు వెతికితే దొరుకుతాయి. అయినా ఒక సీజన్ అంతా తిరిగి నేను పట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మ్యూజియం డ్రాయర్లలో మాత్రం ఎందరో పట్టినవి దశాబ్దాలుగా పోగై ఉంటాయి. 2018లో కీటక శాస్త్రవేత్త థామస్ ఓనుఫెర్కో ఉత్తర అమెరికాలోని ఎపియోలస్ అనే మరో కోయిల తేనెటీగ ప్రజాతిని మళ్లీ పరిశీలించి వర్గీకరిస్తూ 15 కొత్త జాతులను వర్ణించారు. వాటిలో ఒకదానికి డేవిడ్ అటెన్‌బరో పేరు పెట్టారు. ఆ పనికి ఆధారం ఎక్కువగా మ్యూజియం సేకరణలే.

ఇక నా తప్పు. నా దగ్గర ఒక ఆడ తేనెటీగ ఉండేది. పొట్ట రెండో ఖండం పక్కన ఉండాల్సిన మచ్చలు దానికి లేవు. కొత్త జాతి అనుకుని వర్ణన మొత్తం రాసేశాను. మా గైడ్ దాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి, లైటు పక్క నుంచి పడేలా తిప్పారు. మచ్చ ఉండాల్సిన చోట సన్నని గుంటలు, వాటిలో విరిగిన వెంట్రుకల మొదళ్లు కనిపించాయి. అది వయసు మళ్లిన తేనెటీగ, మచ్చలుగా కనిపించే వెంట్రుకలు రాలిపోయాయి. నెలల పని పక్కన పెట్టాను, చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి రంగు మచ్చలను చివరన చూస్తాను. ముందు చూసేది గట్టి పై తొడుగునే: వీపు వెనక ఉండే స్కుటెల్లమ్ అంచు ఎలా చీలింది, గుంటలు ఎంత దగ్గరగా ఉన్నాయి, మగదైతే జననాంగాల ఆకారం.

జననాంగాలు చూడటానికి ఎండిన నమూనాను నేరుగా లాగకండి, విరిగిపోతుంది. మూత ఉన్న డబ్బాలో తడి టిష్యూ, బూజు పట్టకుండా కొంచెం థైమాల్ వేసి ఒకటి రెండు రోజులు ఉంచితే మెత్తబడుతుంది. తీసిన భాగాన్ని గ్లిజరిన్ పోసిన చిన్న గొట్టంలో వేసి, అదే పిన్నుకు కింద గుచ్చాలి. విడిగా పెడితే ఏది ఎవరిదో తెలియకుండా పోతుంది.

అసలు కష్టం తేడా కనిపెట్టడంలో లేదు, దానికి ఇంతకుముందు ఎవరూ పేరు పెట్టలేదని నిరూపించడంలో ఉంది. 1897లో కీటక శాస్త్రవేత్త బింగ్‌హామ్ మన దేశపు థైరియస్‌లను క్రోసిసా అనే పేరుతో వర్ణించారు. 1962లో లీఫ్టింక్ అనే మరో కీటక శాస్త్రవేత్త ఇండో-ఆస్ట్రేలియా ప్రాంతపు థైరియస్ జాతులన్నిటినీ మళ్లీ పరిశీలించి వర్గీకరించారు. వందేళ్ల కిందటి రెండు మూడు వరుసల వర్ణన కూడా చెల్లుతుంది, ముందు పెట్టిన పేరుదే హక్కు. అందుకే పాత హోలోటైపులు (జాతి పేరుకు ఆధారంగా ఎంచిన అసలు నమూనాలు) ఏ మ్యూజియంలో ఉన్నాయో కనుక్కుని, క్యురేటర్లకు రాసి ఫోటోలు తెప్పించుకోవాలి. నా అనుభవంలో చాలామంది మర్యాదగా పంపారు, కాకపోతే నెలలు పట్టింది.

లేబుల్ జాగ్రత్తగా చదవండి. పాత లేబుల్ మీద ఉత్త ‘మద్రాస్’ అని ఉంటే అది నగరమా, గంజాం నుంచి మలబారు దాకా పరచుకున్న ప్రెసిడెన్సీయా తెలియదు. బెజవాడ, వాల్తేరు లాంటి పాత పేర్లను కూడా ఇప్పటి ఊళ్లతో సరిచూసుకోవాలి. కారైకాల్ దగ్గర కురుంబగరంలో ఉండి పురుగులు సేకరించిన సూసై నాథన్ నమూనాలు విదేశీ మ్యూజియాల్లో చాలా ఉన్నాయి. మీ దానికి జోడీ అక్కడ దొరకవచ్చు.

ఒకే నమూనా సంగతి. 1999 తర్వాత ప్రచురించే పేరుకు హోలోటైప్ ఏదో, ఎక్కడ భద్రపరిచారో స్పష్టంగా చెప్పి తీరాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పేపర్ అయితే జంతువుల పేర్ల అధికారిక రిజిస్టర్ అయిన జూబ్యాంక్‌లో నమోదు కావాలి. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం, కొత్త జాతి వోచర్ నమూనాను (సాక్ష్యంగా దాచే నమూనాను) ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో ఇవ్వాలి. జంతువులకైతే జువాలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది. ఇవన్నీ చేయగలిగినా, ఒక్క ఆడ తేనెటీగతో మగది ఎలా ఉంటుందో, జాతి లోపల ఎంత తేడా ఉంటుందో చెప్పలేరు. నా దగ్గర ఒక మగది ఉంది, నేను చూసిన హోలోటైపులలో దేనితోనూ కలవడం లేదు. రెండోది దొరికే దాకా దానికి పేరు పెట్టను.

టెన్షన్ పడకండి, సూదికి గుచ్చి ఉన్న తేనెటీగ ఎక్కడికీ పోదు. ముందు మచ్చల చోట విరిగిన వెంట్రుకలు ఉన్నాయేమో చూసి ఫోటో పెట్టండి. పాత లేబుల్ తప్పుగా ఉన్నా తీయవద్దు, మీది దాని కింద గుచ్చండి.