గంట రేటు ఒక్కటే చూడకు

అమ్మాయీ స్వాతీ,

ఐటీలో టెస్టింగ్ ఉద్యోగం వదిలేసి, కట్టే ఇళ్లు రూల్స్ ప్రకారం ఉన్నాయో లేదో చూసే బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ అవుతానంటున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "ఎండలో నిచ్చెనలెక్కే ఉద్యోగమేమిటి అన్నయ్యా దానికి, నువ్వే ఏదో నూరిపోసుంటావు" అని తిట్టింది కూడా. నేనేమీ నూరిపోయలేదని నీకు తెలుసు. ఫోన్ పెట్టేశాక మాత్రం కాలు ఒకచోట నిలవలేదు. మన ఇంట్లో నా పని చెయ్యడానికి ఇంకొకరు వస్తున్నారంటే గర్వంగా ఉండదా? ఆ వెనకే భయం కూడా వచ్చి కూర్చుంది. మీ నాన్నది వేరే లోకం. "పై సంపాదన బాగానే ఉంటుందేమో కదా బావగారూ" అన్నాడు. ఆయన అక్కడి లెక్కలో ఆలోచిస్తున్నాడు, పాపం. ఇక్కడ జీతమే, గీతం లేదు. కాబట్టి ఆ జీతం సంగతి సరిగ్గా తెలుసుకుని దిగు.

అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్క ప్రకారం 2024 మే నాటికి ఈ ఉద్యోగంలో మధ్యస్థ జీతం ఏడాదికి 72,120 డాలర్లు. సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. గంటకి వేసుకుంటే 35 డాలర్లకు కాస్త తక్కువ. మన కాలిఫోర్నియాలో దీనికంటే బాగా ఎక్కువే ఇస్తారు. అది చూసి పొంగిపోకు, ఇంటద్దె కూడా ఇక్కడ అలాగే ఉంటుంది. నీ ఇప్పటి జీతం ఎంతో నాకు తెలియదు, అడగను కూడా. మొదటి కొన్నేళ్లు దానికంటే తగ్గుతుందని మాత్రం ముందే మనసుకు చెప్పుకో.

గ్రీన్ కార్డు చేతికొచ్చాకే ఈ ఆలోచన చేశావు, మంచిది. డిగ్రీ తప్పనిసరి కాని ఇలాంటి ఉద్యోగానికి హెచ్1బి దొరకడం కష్టం.

సిటీల్లో, అంటే ఇక్కడి మున్సిపాలిటీల్లో, జీతం ఎవరి దయమీదా ఉండదు. ఒక్కో పోస్టుకి ఒక పట్టిక, అందులో ఐదారు స్టెప్పులు. చాలా సిటీల్లో స్టెప్పుకీ స్టెప్పుకీ సుమారు 5 శాతం తేడా, ఏడాదికొక స్టెప్పు. చివరి మెట్టుకు చేరాక యూనియన్ ఒప్పందంలో పెరిగితే పెరిగినట్టు, లేకపోతే అక్కడే. ఆపైన పెరగాలంటే ఇన్‌స్పెక్టర్ 1 నుంచి 2కి, ఆ తర్వాత సీనియర్‌కి వెళ్లాల్సిందే. ఈ పట్టికలన్నీ సిటీ వెబ్‌సైట్లలో ఉంటాయి. ఎవరికి నిజంగా ఎంత ముట్టిందో రాష్ట్ర ఖాతాలు చూసే స్టేట్ కంట్రోలర్ సైటులో పోస్టు పేరుతో చూసుకోవచ్చు. (మన చుట్టాల్లో ఒకాయన నా జీతం ఇలాగే తవ్వి తీసి పెళ్లిలో నలుగురి ముందూ చెప్పాడు. అది వేరే కథ.)

సర్టిఫికెట్లు జీతాన్ని నేరుగా పెంచుతాయి. కట్టడాల నియమాలు (కోడ్) రాసే ఇంటర్నేషనల్ కోడ్ కౌన్సిల్ వాళ్ల ఇళ్ల నిర్మాణం పరీక్ష బి1తో మొదలుపెట్టు. దానికి ముందు అనుభవం అడగరు. పుస్తకం చూసి రాసే పరీక్షే కదా అని తేలిగ్గా తీసుకోకు, ఏ సెక్షన్ ఎక్కడుందో తెలియకపోతే పేజీలు తిప్పుతుండగానే టైం అయిపోతుంది. ఎలక్ట్రికల్‌కి ఇ1, మెకానికల్‌కి ఎం1, ప్లంబింగ్‌కి పి1. ఈ నాలుగూ ఉంటే రెసిడెన్షియల్ కాంబినేషన్ ఇన్‌స్పెక్టర్ అంటారు. ఒక ఇంటికి నలుగుర్ని పంపే బదులు ఒక్కర్ని పంపొచ్చు కాబట్టి అలాంటివాళ్లకి డబ్బు ఎక్కువ ఇస్తారు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఉద్యోగంలో చేరిన ఏడాదిలోపు సర్టిఫికెట్ ఎలాగూ తెచ్చుకోవాలి. నువ్వు చేరకముందే తెచ్చుకో. స్పానిష్ వస్తే కొన్ని సిటీలు నెలనెలా అదనంగా ఇస్తాయి. తెలుగుకి ఇవ్వరు, నేను అడిగి చూశాను.

పరీక్ష పాసైనంత మాత్రాన చూపు రాదు. షియర్ వాల్ (భూకంపం కుదుపును తట్టుకునే ప్లైవుడ్ గోడ) దగ్గరికి వెళ్లినప్పుడు మేకులెన్ని ఉన్నాయో లెక్కపెట్టి వచ్చేసేవాళ్లను చాలామందిని చూశాను. దగ్గరగా వెళ్లి అరచేత్తో తడమాలి. నెయిల్ గన్‌లో గాలి ఒత్తిడి ఎక్కువైతే మేకు తల ప్లైవుడ్ పై పొరను చీల్చుకుని లోపలికి దిగిపోతుంది. దూరం నుంచి చూస్తే వరస బ్రహ్మాండంగా కనిపిస్తుంది, చేతికి మాత్రం గుంటలు తగులుతాయి. భూకంపం వచ్చినప్పుడు ఆ గోడ పట్టు అక్కడే వదిలేస్తుంది. అలా తడిమి చూసేవాళ్లకే సీనియర్ పోస్టులు. ఇంటర్వ్యూలో కూడా ఇలాంటివే అడుగుతారు, కోడ్ నంబర్లు కాదు.

ఇప్పుడు అసలు విషయం. కొంచెం పొడుగ్గా చెప్తాను, విసుక్కోకు.

నాతోపాటు సిటీలో చేరిన మనవాడు ఒకాయన ఉండేవాడు. నాకంటే చురుకు. నేను ప్లాను విప్పి ఉత్తరం దిక్కు ఎటో వెతుక్కునేలోపు అతను తప్పు పట్టేసేవాడు. 2005లో ఇళ్లు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఆ ఒక్క ఏడాదే దేశం మొత్తం మీద 20 లక్షలకు పైగా కొత్త ఇళ్ల పని మొదలైంది. సిటీల తరఫున కాంట్రాక్టు మీద ఇన్‌స్పెక్షన్లు చేసే ఒక ప్రైవేటు కంపెనీ అతన్ని పిలిచి, గంటకి మాకొచ్చేదానికంటే బాగా ఎక్కువ ఇస్తామంది. అప్పటికి అతని సర్వీసు నాలుగేళ్లు దాటింది, ఐదు నిండలేదు. కాల్‌పెర్స్‌లో, అంటే కాలిఫోర్నియా ప్రభుత్వ ఉద్యోగుల పెన్షన్ నిధిలో, పెన్షన్‌కి అర్హత రావాలంటే ఐదేళ్లు ఉండాలి. "ఇంకొన్ని నెలలు ఓపిక పట్టవయ్యా" అన్నాను. అతను ట్రక్కు బానెట్ మీద కాగితం పెట్టి, రేటులో తేడాని ఏడాదికి 2080 పని గంటలతో గుణించి నా చేతికిచ్చాడు. అంకె నిజమే. కాదనలేకపోయాను.

అందులో లేనివే ఎక్కువ. సెలవు రోజులకు జీతం లేదు. ఇంటిల్లిపాదికీ హెల్త్ ఇన్సూరెన్స్‌లో సిటీ కట్టే భాగం లేదు. ఇన్‌స్పెక్షన్లుంటేనే గంటలు, గంటలుంటేనే డబ్బు. పైగా వెళ్తూ వెళ్తూ కాల్‌పెర్స్‌లో ఉన్న తన వాటా వెనక్కి తీసేసుకున్నాడు, ఇంటి డౌన్ పేమెంట్‌కని. అలా తీసుకుంటే మనం కట్టింది, దానిమీద వడ్డీ మాత్రమే వస్తాయి. సిటీ మన పేరున కట్టింది రాదు. వచ్చినదాంట్లోనూ 20 శాతం ఫెడరల్ పన్ను కింద ముందే పట్టుకున్నారు. వయసు యాభై తొమ్మిదిన్నర లోపు కాబట్టి 10 శాతం పెనాల్టీ, దానికి తోడు రాష్ట్రానికి 2.5 శాతం. అదే డబ్బు ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలోకి మార్చుకుని ఉంటే ఆ పెనాల్టీలేవీ పడేవి కాదు. ఇంకా మంచిది, అసలు ముట్టుకోకుండా అక్కడే వదిలేయడం.

తర్వాత 2008 మాంద్యం వచ్చింది. 2009లో దేశమంతా కలిపి మొదలైన ఇళ్లు 5 లక్షల 54 వేలు. నాలుగేళ్లలో పావు వంతు కంటే కాస్త ఎక్కువకి పడిపోయింది. అతని కంపెనీలో ముందు గంటలు తగ్గాయి, ఆ తర్వాత పిలుపే ఆగిపోయింది. మా దగ్గర మాత్రం బాగుందనుకోకు. బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ చాలావరకు పర్మిట్ ఫీజుల మీదే బతుకుతుంది, ఫీజులు రాకపోతే ముందు మన జీతాలకే కోత. మాకూ జీతం లేని సెలవులిచ్చారు, కొత్తగా చేరినవాళ్లని తీసేశారు. సీనియారిటీ ఉన్నవాళ్లం మిగిలాం. అతను ఉండి ఉంటే అతనూ మిగిలేవాడు.

చివరికి 2013 దాటాక ఇంకో సిటీలో మళ్లీ మొదటి మెట్టు నుంచి చేరాడు. 2013 జనవరి 1 నుంచే పెన్షన్ రూల్స్ మారాయి. ఆరు నెలలకు మించి బయట ఉండి వేరే సిటీలో చేరితే కొత్త సభ్యుడి కిందే లెక్క. పాత లెక్కలో నేను ముందే రిటైరయ్యాను, అతను ఇంకా పొద్దున్నే బూట్లు వేసుకుని వెళ్తున్నాడు. కలిసినప్పుడు నేను ఆ మాట ఎత్తను. అతనే ఎత్తుతాడు, ఎత్తి తనే నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

నువ్వు ఎలాగూ కొత్త లెక్కలోకే వస్తావు. 62 ఏళ్లకు రిటైరైతే పెన్షన్ సర్వీసులో ప్రతి ఏడాదికీ 2 శాతం చొప్పున, వరసగా 36 నెలల అత్యధిక సగటు జీతం మీద వస్తుంది. నీకిప్పుడు 34. ఈ ఏడాది చేరితే 62 నాటికి 28 ఏళ్లు, అంటే 56 శాతం, బతికున్నంత కాలం. ఐటీలో ఇన్నేళ్లు కట్టిన సోషల్ సెక్యూరిటీ (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్) ఏమవుతుందని అడిగావట. కొన్ని సిటీలు సోషల్ సెక్యూరిటీలో ఉండవు, అలాంటి చోట పెన్షన్ వస్తే వెనకటి రోజుల్లో దాన్ని కోసేవాళ్లు. 2025 జనవరిలో చట్టం మార్చి ఆ కోత ఎత్తేశారు. ఆ టెన్షన్ వదిలెయ్.

ప్రైవేటు వాళ్లు చెడ్డవాళ్లని కాదమ్మా. సిటీలు అనుభవం అడుగుతాయి, అది లేకుండా రానివ్వవు. మొదటి ఏడాది రెండేళ్లు ప్రైవేటులో దొరికితే కళ్లకద్దుకుని చేరు. సిటీలో అడుగుపెట్టాక మాత్రం ఐదేళ్లు నిండేవరకు ఎవరెంత ఇస్తామన్నా కదలకు. ఖాళీ శనివారాల్లో ఇళ్లు కొనేవాళ్లకి హోమ్ ఇన్‌స్పెక్షన్లు చేస్తే అదనంగా వస్తుందని ఎవరో చెప్తారు. నీ సిటీ హద్దుల్లో చెయ్యకు, బయట చేసినా రాతపూర్వకంగా అనుమతి తీసుకో. కాంట్రాక్టర్ ఇచ్చే కాఫీ కూడా వద్దు. మొహమాటపెడతారు, అయినా వద్దు.

ఇక కుక్కలు. నవ్వకు. నిచ్చెనల గురించి మీ అమ్మ భయపడుతోంది, నేను కుక్కల గురించి భయపడుతున్నాను. పెరటి గేటు తీసేముందు గొళ్లెం గట్టిగా ఆడించి, పది లెక్కపెట్టి, అప్పుడు తియ్యి. "మా కుక్క ఏమీ అనదండీ" అని ఇంటాయన అంటే, అయినా సరే కట్టేయమను. కట్టేయనంటే రీ-ఇన్‌స్పెక్షన్ రాసేసి వచ్చెయ్, నిన్ను ఎవరూ ఏమీ అనరు. వేసవిలో అటక మీదికి పొద్దున్నే ఎక్కు, మధ్యాహ్నం వద్దు. చిన్నప్పుడు మా ఇంటికొస్తే మేడమెట్ల కింద దూరి బయటికి రానని మొండికేసేదానివి. క్రాల్ స్పేస్‌లో, అంటే ఇంటి నేల కింద పాకుతూ వెళ్లే సందులో, ఆ మొండితనం వద్దు. ఫోన్ జేబులో పెట్టుకుని, పైన ఒకరికి చెప్పి దూరు.

ఆఫర్ వచ్చినప్పుడు స్టెప్ ఎ, అంటే పట్టికలో మొదటి మెట్టు, అని రాసి పంపిస్తారు, అది అలవాటుగా రాసేది. నీకు సివిల్ డిగ్రీ ఉంది, అప్పటికి రెండు మూడు సర్టిఫికెట్లుంటాయి. స్టెప్ సి ఇమ్మని మర్యాదగా అడుగు. ఎక్కువలో ఎక్కువ కుదరదంటారు. డిగ్రీ ఉన్నందుకు ముందు ముందు ప్లాన్ చెక్ (కట్టకముందు ప్లాన్లు పరిశీలించే పని) వైపు వెళ్లే దారి ఉందా, ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సుకి రాసే పీఈ పరీక్ష ఫీజు సిటీ కడుతుందా అని కూడా కనుక్కో. సంతకం పెట్టేముందు ఆఫర్ లెటరు, యూనియన్ ఒప్పందం రెండూ నాకు పంపు. నేను ఖాళీగానే ఉన్నాను, చదివి పెడతాను. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

మీ
మామయ్య