టేక్ ఇట్ ఈజీ: నలుగురు గిటారిస్టులు కూర్చుంటే నలుగురికీ పని దొరికే పాట

“గిటార్‌లో ఓపెన్ కార్డ్‌లు వచ్చాయి. ఫ్రెండ్స్‌తో కలిసి వాయించడానికి మంచి పాత కంట్రీ రాక్ పాట ఏది? మీరు ఏది వాయిస్తారు, ఎందుకు?” అని అడిగారు కదా.

నా ఓటు ఈగల్స్ బ్యాండ్ వాళ్ళ ‘టేక్ ఇట్ ఈజీ’కే. (ఆ మాట వినగానే మనలో చాలామందికి ‘ప్రేమికుడు’లో రెహమాన్ పాట గుర్తొస్తుంది. అది కాదు. ఇది దానికి ఇరవై రెండేళ్ళ ముందుది.) 1972లో వచ్చిన ఈగల్స్ మొట్టమొదటి సింగిల్ (విడిగా విడుదల చేసిన పాట) ఇది. అమెరికా పాటల చార్ట్ బిల్‌బోర్డ్‌లో 12వ స్థానం వరకు వెళ్ళింది. నేను అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటాను. వీకెండ్స్‌లో మా వీధిలో ఒకరి గరాజ్‌లో కొందరం గిటార్లు పట్టుకుని కూర్చుంటాం. ఎదురింటి రిటైర్డ్ పెద్దాయన, మా ఆఫీసు వాళ్ళు ఒకరిద్దరు, ఈమధ్యే నేర్చుకోవడం మొదలుపెట్టిన గుంటూరు కుర్రాడు. ఎవరి స్థాయి వాళ్ళది. అయినా ఈ పాట మొదలుపెడితే ఎవరూ ఖాళీగా ఉండరు. నాకు ఇది ఇంతగా నచ్చడానికి అసలు కారణం అదే.

ముందు మీకు పనికొచ్చే సంగతి చెప్తాను. పాట జి మేజర్‌లో ఉంటుంది. చరణం మొత్తం జి, డి, సి అనే మూడు కార్డ్‌ల మీదే నడుస్తుంది. పల్లవిలో ఇ మైనర్, ఎ మైనర్ వచ్చి చేరతాయి. ఈ ఐదు కార్డ్‌లు వస్తే కూర్చుని వాయించేయొచ్చు. మొదట్లో వచ్చే ఆ మోగే స్ట్రమ్మింగ్ కోసం ఒక చిట్కా ఉంది. జి పట్టుకునేటప్పుడు (తీగలు సన్నదాని నుంచి లెక్కపెట్టుకోండి) ఉంగరం వేలు రెండో తీగ మీద, చిటికెన వేలు మొదటి తీగ మీద మూడో ఫ్రెట్‌లో పెట్టి, వాటిని అక్కడే ఉంచేయండి. మిగతా రెండు వేళ్ళు మాత్రం కదిపితే సి యాడ్ 9 (సి కార్డ్‌లో ఇంకో రూపం) వస్తుంది. పై స్థాయిలోని ఆ రెండు స్వరాలూ తెగకుండా మోగుతూనే ఉంటాయి, కింద కార్డ్ మారుతుంటుంది. రికార్డులో ఉన్నది అచ్చంగా ఇదే కాదు గానీ, గరాజ్ కచేరీకి ఇది చాలు.

కుడిచెయ్యి దగ్గరే అసలు తంటా. వేగం నిమిషానికి 140 బీట్లకు దగ్గర్లో ఉంటుంది. వినేటప్పుడు హాయిగా, నింపాదిగా అనిపించే పాట వాయించేటప్పుడు మాత్రం పరుగు పెట్టిస్తుంది. మా గుంటూరు కుర్రాడు మోచెయ్యి మొత్తం ఊపేవాడు, రెండో చరణానికల్లా భుజం పట్టేసేది. ఎదురింటి పెద్దాయన చెయ్యి చూస్తే విషయం అర్థమవుతుంది. పిక్‌ని (తీగలు మీటే బిళ్ళని) వదులుగా పట్టుకుంటాడు, మణికట్టు తప్ప ఇంకేదీ కదలదు. కిందికి వెళ్ళేటప్పుడు ఒకటో బీట్‌లో లావు తీగలు, రెండు, నాలుగు బీట్లలో సన్న తీగలు మాత్రమే తగిలిస్తాడు. ప్రతిసారీ ఆరు తీగలూ గీకడు. అందుకే ఆయన పక్కన పాడేవాళ్ళ గొంతు వినిపిస్తుంది. తాళం కొట్టే మెట్రోనోమ్‌ని 100 దగ్గర పెట్టి మొదలుపెట్టండి, తొందరేం లేదు.

లీడ్ (సోలో స్వరాలు) వాయించేవాళ్ళకు ఇందులో పండగే. ఈ పాటలో లీడ్ గిటార్ ఈగల్స్‌లోని బెర్నీ లీడన్‌ది. కంట్రీ లీడ్‌కి పునాది మేజర్ పెంటటానిక్ అనే ఐదు స్వరాల స్కేల్. మా ఆవిడ చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. నేను సోలో ప్రాక్టీస్ చేస్తుంటే వంటింట్లోంచి “మోహనం స్వరాలేగా అవి, మధ్యలో ఆ అపస్వరం ఏంటి?” అంది. కరెక్టే, స రి గ ప ద, అచ్చంగా మోహనమే. తను అపస్వరం అన్నది సాధారణ గాంధారాన్ని. మూడో తీగ మీద మూడో ఫ్రెట్ తాకీ తాకనట్టు తాకి, వెంటనే నాలుగో ఫ్రెట్‌లోని అంతర గాంధారానికి జారిపోవాలి. అక్కడ ఆగితే బ్లూస్ అయిపోతుంది, అసలు తాకకపోతే భజన పాటలా ఉంటుంది. కంట్రీ వాసన మొత్తం ఆ జారుడులోనే ఉంది. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు.

ఇక చాలామంది పట్టించుకోనిది బాంజో అనే తీగ వాయిద్యం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాట రెండో సగం వినండి, వెనకాల టకటకా డబుల్ స్పీడ్‌లో మోగుతుంటుంది. అదీ లీడనే. ఆ ఆలోచన మాత్రం ప్రొడ్యూసర్ గ్లిన్ జాన్స్‌ది. ఆయన ఇంగ్లండ్ మనిషి, రికార్డింగ్ జరిగింది కూడా లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో. అరిజోనా ఎండ, దుమ్ము కళ్ళకు కట్టే పాట లండన్‌లో తయారైందంటే మా వీధి వాళ్ళు కూడా చాలాకాలం నమ్మలేదు. మీ దగ్గర బాంజో లేకపోతే ఒకరికి ఐదో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్) పెట్టి ఇవ్వండి. వాళ్ళు డి షేప్ పడితే జి వస్తుంది, జి షేప్ పడితే సి, ఎ పడితే డి, ఇ మైనర్ పడితే ఎ మైనర్. ఇ మైనర్ రావాలంటే మాత్రం బి మైనర్ పట్టాలి, అది ఒకే వేలితో చాలా తీగలు నొక్కాల్సిన కాస్త గట్టి బార్ కార్డ్. ఒక్కో తీగనూ విడివిడిగా మీటుతూ పోతే బాంజో లేని లోటు చాలావరకు తీరుతుంది. ఒకే ఫ్రెట్ దగ్గర నలుగురూ ఒకేలా బాదితే వచ్చే గోల కూడా తగ్గుతుంది.

గొంతు ఉన్నవాళ్ళకు పల్లవిలో హార్మొనీలు ఉన్నాయి. అవి కుదిరిన రోజు మిగతా తప్పులు ఎవరికీ గుర్తుండవు.

పాట పుట్టిందే ఇద్దరు కలిసి కూర్చుంటే. గాయకుడు, పాటల రచయిత జాక్సన్ బ్రౌన్ మొదలుపెట్టి రెండో చరణంలో ఇరుక్కుపోయాడు. అప్పట్లో లాస్ ఏంజిలెస్‌లోని ఎకో పార్క్‌లో ఒకే బిల్డింగ్‌లో ఉండే గ్లెన్ ఫ్రై, అంటే ఈగల్స్‌లో ఈ పాట పాడిన ఆయనే, దాన్ని పూర్తిచేశాడు. ఫోర్డ్ ట్రక్కులో వెళ్తున్న అమ్మాయి, పాట పాడేవాడిని చూడ్డానికి బండి స్లో చేసే వాక్యం ఫ్రైదే. అందరికీ గుర్తుండేది ఆ వాక్యమే. బ్రౌన్ కూడా 1973లో తన ఆల్బమ్‌లో ఈ పాట పాడాడు. వీలైతే అదీ వినండి, కొంచెం బరువుగా ఉంటుంది. నాకు ఫ్రై గొంతే ఇష్టం.

ఆ చరణంలో పాడేవాడు ఓ మూల మీద నిలబడే విన్‌స్లో ఊరు మా అరిజోనాలోనే, మాకు కారు ప్రయాణమే. ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి తూర్పుకి వెళ్తే గంటలోపే. ఐ-40 హైవే ఊరి పక్కనుంచి పోయాక పాత రూట్ 66 రోడ్డు మీద వ్యాపారం పడిపోయింది. 1999లో ఊరివాళ్ళు ఈ పాట పేరు చెప్పుకుని కిన్‌స్లీ అవెన్యూ, సెకండ్ స్ట్రీట్ కలిసే మూల మీద చిన్న పార్క్ కట్టారు. గిటార్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడి కంచు విగ్రహం, వెనక గోడ మీద జాన్ ప్యూ వేసిన బొమ్మ, పక్కన ఎర్ర ఫోర్డ్ ట్రక్కు. 2016లో ఫ్రై పోయాక ఆయన విగ్రహం కూడా పెట్టారు. ఒక్క వాక్యం ఒక ఊరికి కూడా పని కల్పించింది. మేం వెళ్ళినప్పుడు మా పెద్దాయన గిటార్ తీస్తే, ముక్కూమొహం తెలియని ఇద్దరు టూరిస్టులు వచ్చి పల్లవి అందుకున్నారు. సెల్ఫీల కోసం లైన్లో ఉన్నవాళ్ళు మాత్రం “విగ్రహానికి అడ్డం లేవండి బాబూ” అన్నట్టు చూశారు.

చివరగా ఒకటి. రికార్డులో పాట జి మీద ముగియదు, ఇ మైనర్ మీద ఆగుతుంది. కొత్తగా కలిసి వాయించేటప్పుడు సగం మంది జి వేస్తారు, సగం మంది ఇ మైనర్. కొంపేం మునగదు, ఆ రెండింట్లో రెండు స్వరాలు ఉమ్మడివే. ఎవరైనా బేస్ గిటార్ వాయిస్తుంటే మాత్రం వాళ్ళకు ముందే చెప్పి ఉంచండి, తేడా బయటపడేది అక్కడే.