పాలు తిప్పి పంపారు.. తప్పు ఆవుదా, చెక్కదా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర పల్లె. నాలుగు జెర్సీ సంకరజాతి ఆవులు ఉన్నాయి. కోత సమయంలో వేరుశనగ వానకు తడిసి కాయలు నల్లబడ్డాయి. వాటిని గానుగ ఆడించి, వచ్చిన చెక్క ఆవులకు పెడుతున్నాను. పోయిన వారం పాలలో బూజు విషం ఉందంటూ పాల కేంద్రం వాళ్లు తీసుకోలేదు. మా చెక్కకు బూజు లేదు, ముక్క వాసనా లేదు. ఈ విషాన్ని ఇంట్లో కనిపెట్టవచ్చా? పాలు కాచితే పోదా?

జవాబు: ముందు ఆవులకు చెక్క ఆపేయండి. మిగతా జవాబు ఆ తర్వాత చదివినా ఫరవాలేదు.

వాళ్లు చెప్పింది అఫ్లాటాక్సిన్ గురించి. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వేరుశనగ, మొక్కజొన్న, పత్తి గింజల మీద పెరుగుతూ వదిలే విషం ఇది. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే క్యాన్సరుకూ దారితీస్తుంది. లోకానికి దీని సంగతి తెలిసిందే చెక్క వల్ల. 1960లో ఇంగ్లండులో, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క కలిసిన దాణా తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి.

ఆవు తిన్న విషంలో నూటికి ఒకటి రెండు వంతులు రూపు మారి, ఎం1 అన్న పేరుతో పాలలోకి దిగుతుంది. ఎక్కువ పాలిచ్చే ఆవుల్లో ఇంకాస్త ఎక్కువ. మేసిన రోజులోపే పాలలో కనిపిస్తుంది, ఆపిన మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కాబట్టి ఆవులను అమ్ముకోవలసినంత ప్రమాదమేమీ రాలేదు. పచ్చిమేత, పరీక్ష చేసిన దాణా పెట్టి, ఐదో రోజు పాలు మళ్లీ పరీక్షించమనండి.

కాచితే ఇది పోదు, తోడు వేసినా పోదు. కోవా, పన్నీరు చేస్తే ఇంకా చిక్కపడుతుంది. కేంద్రం వద్దన్న పాలను ఇంట్లో పిల్లలకు పోసిన వాళ్లను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక కంటితో కనిపెట్టడం. ముడుచుకుపోయి పొర నల్లబడిన గింజను గోటితో రెండు బద్దలుగా విప్పండి. బద్దల మధ్య పల్లంలో పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి కనిపిస్తే అది ఈ జాతి బూజే అనుకోవచ్చు. అలాంటి గింజలు ఏరేస్తే విషం చాలా వరకు తగ్గుతుంది. అయితే పొడి కనిపించనంత మాత్రాన విషం లేనట్టు కాదు. బూజు చచ్చినా విషం మిగులుతుంది. చెక్కగా మారాక కంటికి మిగిలేది అసలే లేదు. అతినీలలోహిత (యూవీ) దీపం కింద మెరిస్తే విషమని చెప్పి దీపాలు అమ్మేవాళ్లున్నారు. మొక్కజొన్నలో ఆ మెరుపు బూజు వదిలే మరో పదార్థానిది, విషానిది కాదు. అనుమానానికి పనికొస్తుంది, తీర్పుకు కాదు.

నమ్మదగినది పరీక్షే. ఆహారం కోసం ఇంకా శుద్ధి చేయాల్సిన వేరుశనగలో మన దేశ పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు. అంటే టన్ను గింజల్లో 15 మిల్లీగ్రాములు, దాదాపు ఒక బియ్యపు గింజంత బరువు. పాలలో కిలోకు అర మైక్రోగ్రామే. పాల కేంద్రాల్లో వాడే పట్టీ కొన్ని నిమిషాల్లో ఫలితం చెబుతుంది. గర్భ పరీక్ష పట్టీకి అలవాటుపడ్డవాళ్లు దీన్ని తలకిందులుగా చదువుతుంటారు. ఇందులో పరీక్ష గీత స్పష్టంగా ఉంటే మంచిది, మాయమైతే విషం పరిమితి దాటినట్టు. పట్టీ మీద తేడా వస్తే ఎలైసా, హెచ్‌పీఎల్‌సీ పద్ధతులతో ప్రయోగశాలలో ఖాయం చేసుకోవాలి. మరో మాట: పరీక్షించింది మీ క్యానునా, పదిమంది పాలు కలిపిన ట్యాంకునా? అది తప్పక అడగండి.

పరీక్షకంటే నమూనా దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. విషం బస్తా అంతా సమంగా ఉండదు. వందల గింజలు శుభ్రంగా ఉండి, ఒక్క గింజలోనే బోలెడు ఉండవచ్చు. పైనుంచి గుప్పెడు తీసి పంపితే, ఆ గింజ మీ గుప్పిట్లో పడిందా లేదా అన్నదే ఫలితం. ప్రతి బస్తాలో పైన, నడుమ, అడుగున తీసి, అన్నీ కలిపి, కుప్పను నాలుగు పాళ్లు చేసి ఎదురెదురు పాళ్లు రెండు ఉంచండి. కిలో రెండు కిలోలు మిగిలేదాకా ఇలాగే చేసి, మిగిలినదంతా మరపట్టించి కలిపాకే ప్రయోగశాలకు ఇవ్వాలి. చెక్క అయితే ఒకే బిళ్ల కాకుండా పది బిళ్లల నుంచి ముక్కలు తీయండి.

నల్ల గింజల నూనె సంగతి మీరు అడగలేదు గానీ నేనే చెబుతాను. విషం ఎక్కువగా చెక్కలోనే ఉండిపోతుంది. అయినా శుద్ధి చేయని గానుగ నూనెలోకి కొంత వస్తుంది. ఆ నూనె వంటకు వాడకండి. ఏరిన గింజలు కోళ్లకు కూడా వేయకుండా గుంత తీసి పూడ్చండి.

వచ్చే పంటకు: ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేయండి, ఆఖరి నెలలో బెట్ట తగలనివ్వకండి. ఖరీఫ్ కోతలకు, ఈశాన్య రుతుపవనాల వానలకు మన జిల్లాలో ముహూర్తం ఒకటే కాబట్టి, పీకిన కట్టెను కుప్ప వేయకుండా కాయలు పైకి ఉండేలా బోర్లా తిప్పి ఆరబెట్టండి. కాయలో తేమ 8 శాతానికి దిగాకే బస్తాకెత్తాలి. కాయ సులువుగా వలుస్తుందని మరకు వేసే ముందు నీళ్లు చల్లే అలవాటు ఉంది చూడండి, ఎండబెట్టిన కష్టమంతా ఆ ఒక్క చెంబుతో పోతుంది.

నమూనాను పాలిథిన్ కవరులో కాకుండా గుడ్డ సంచిలో పంపండి. కవరులో చెమ్మ పట్టి, దారిలోనే బూజు పెరుగుతుంది.