షాకింగ్ బ్లూ బృందం రెండో ఆల్బమ్ వేరే బృందం చేసినట్లు ఎందుకు వినిపిస్తుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది: 'వీనస్' పాటతో ప్రపంచమంతటికీ తెలిసిన డచ్ బృందం షాకింగ్ బ్లూ 1968లో చేసిన తొలి ఆల్బమ్ విని, ఆ వెంటనే 1969లో వచ్చిన రెండో ఆల్బమ్ 'ఎట్ హోమ్' వింటే, రెండూ ఒకే బృందానివంటే నమ్మబుద్ధి కావడం లేదు, ఏడాదిలో అంత మార్పు ఎలా వచ్చింది? నేను సంగీత విమర్శకుణ్ని కాను. అయితే విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మిత్రులతో కలిసి నడిపిన ఒక చిన్న బృందంలో బేస్ గిటార్ వాయించాను, తరువాత ఉద్యోగరీత్యా మూడేళ్లు నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఉన్నాను. షాకింగ్ బ్లూ ఆ ఊరి బృందమే. ఈ రెండు అనుభవాల ఆధారంగా నాకు అర్థమైనంత వరకు చెబుతాను.

పాటలు కట్టిన మనిషి మారలేదు, పాడే గొంతు మారింది. మిగిలినవన్నీ ఆ ఒక్క మార్పు వెంట వచ్చినవే అని నా అభిప్రాయం.

బృందాన్ని 1967లో స్థాపించినవారు గిటారిస్టు రాబీ వాన్ లేవెన్. అంతకుముందు ఆయన హేగ్‌లోనే 'ది మోషన్స్' అనే బృందంలో పనిచేశారు. షాకింగ్ బ్లూ పాటలలో ఎక్కువ భాగం ఆయనే రాసి స్వరపరిచారు. తొలి ఆల్బమ్‌లో గాయకుడు ఫ్రెడ్ డి వైల్డ్, బేస్ గిటార్ క్లాస్యా వాన్ డెర్ వాల్, డ్రమ్స్ కోర్ వాన్ డెర్ బేక్. 'లూసీ బ్రౌన్ ఈజ్ బ్యాక్ ఇన్ టౌన్' అనే పాట స్వదేశంలో ఒక మోస్తరుగా ఆడింది. ఆ రోజుల్లో నెదర్లాండ్స్‌లో యువకులకు నిర్బంధ సైనిక శిక్షణ ఉండేది కాబట్టి డి వైల్డ్ సైన్యంలోకి వెళ్లవలసి వచ్చింది. ఆయన స్థానంలో 1968లో మరిస్కా వెరెస్ వచ్చారు. అప్పటికామె వయసు ఇరవై, ఇరవై ఒకటి. తండ్రి లాయోష్ వెరెస్ హంగేరీకి చెందిన రోమా వయొలిన్ విద్వాంసుడు. ఆమె మరొక బృందంతో పాడుతుండగా షాకింగ్ బ్లూ మేనేజరు విని తీసుకువచ్చారని చెబుతారు.

గాయకుడు మారితే బృందానికి ఏమవుతుందో నాకు ప్రత్యక్షంగా తెలుసు. మా బృందంలో పాడే స్నేహితుడు మూడో సంవత్సరం చివరిలో పుణెలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. అతని స్థానంలో విజయనగరంలో కర్ణాటక సంగీతం నేర్చుకున్న ఒక జూనియర్ అమ్మాయిని తీసుకువచ్చాం. మేం కట్టుకున్న ఐదారు పాటలూ ఆమె చేత అదే స్థాయిలో పాడించాలని చూశాం. మొదటి రోజు ఆమె అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది: "అన్నయ్యా, మీ శ్రుతి ఎంత?" మా దగ్గర సమాధానం లేదు. గిటార్‌కు ఏ తీగ సుఖంగా పలికితే అదే మా శ్రుతి. మా పాత గాయకుడికి ఒకటో శ్రుతి, ఈ అమ్మాయికి ఐదున్నర. పాటను అలాగే ఉంచితే ఆమె గొంతు కిందికి దిగి మాట వినిపించడం లేదు, ఒక స్థాయి పైకెత్తితే కీచుమంటోంది. చివరికి గిటార్ మెడకు కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి శ్రుతి పెంచే బిగింపు) బిగించి పాటలన్నీ పైకి జరిపాం. అప్పుడు శ్రుతి కుదిరింది గానీ పాటలు కుదరలేదు, ఎందుకంటే ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఏ మాటను లాగాలి, ఏ మాటను కొట్టినట్లు పలకాలి అన్న లెక్కలన్నీ వెళ్లిపోయిన మనిషి గొంతును బట్టి వేసుకున్నవి. ఆ అమ్మాయి కోసం కొత్తగా కట్టిన రెండు పాటలు మాత్రం మొదటి సాధనలోనే నిలబడ్డాయి.

వాన్ లేవెన్ చేసిన పని ఇదే అని నేను అనుకోవడానికి కారణం, వెరెస్ వచ్చిన వెంటనే ఆల్బమ్ రాలేదు, ముందు విడిపాటలు వచ్చాయి. 'సెండ్ మీ ఎ పోస్ట్‌కార్డ్' 1968లో, 'లాంగ్ అండ్ లోన్‌సమ్ రోడ్' 1969లో వెలువడ్డాయి. మొదటిదానిలో ఆమె గొంతును దాదాపు అరుపు దాకా తీసుకువెళ్లి పరీక్షించినట్లు ఉంటుంది. రెండోదానిలో ఆ ఒత్తిడి తగ్గి, కింది స్వరాలలో నిండుగా, కాస్త బరువుగా పలికే ఆమె అసలు గొంతు బయటపడుతుంది. అలా ఆమెకు ఏది నప్పుతుందో తెలుసుకున్న తరువాతనే 'ఎట్ హోమ్' వచ్చింది. రెండో ఆల్బమ్ కష్టమని, మొదటిదానికి జీవితమంతా సమయం ఉంటే రెండోదానికి ఏడాది కూడా ఉండదని అందరూ చెప్పే మాట వీరికి వర్తించదు. లెక్కలో రెండోదే అయినా, వెరెస్ గొంతుకు అది తొలి ఆల్బమ్.

ఇక 'వీనస్' గురించి కాస్త నిదానంగా చెప్పాలి. చరణంలో గిటార్ చేసేదల్లా 'ఈ' (E) మైనర్, 'ఏ' (A) మేజర్ అనే రెండు కార్డుల (ఒకేసారి మోగించే స్వరాల గుచ్ఛాల) మధ్య ఊగడమే. నేను మా గదిలో ఊరికే ఆ రెండింటినీ మార్చి మార్చి వాయిస్తుంటే మా జూనియర్ విని "ఇది ఖరహరప్రియ రాగంలా ఉందే" అంది. ఆమె అన్నది సరైనదే. 'ఈ'ని షడ్జమం అనుకుంటే మొదటి కార్డులో సాధారణ గాంధారం, రెండో కార్డులో చతుశ్రుతి ధైవతం వస్తాయి. పాశ్చాత్యులు డోరియన్ అనే ఈ స్వరవరుస మన ఇరవై రెండో మేళకర్తకు, అంటే ఖరహరప్రియకే, సరిపోతుంది. పల్లవికి వచ్చేసరికి శుద్ధ ధైవతం చొరబడి రాగం చెడుతుంది, ఆ చెడటంలోనే పల్లవికి ఎత్తు వస్తుంది. చరణం అంత నిలకడగా, దాదాపు కదలకుండా ఉండబట్టే గొంతులోని బరువు వినిపిస్తుంది. ఇదే చరణాన్ని తొలి ఆల్బమ్ గాయకుడు పాడి ఉంటే చప్పగా ఉండేదని నా అనుమానం.

నిజాయితీగా మరొక మాట కూడా చెప్పాలి. ఈ పాట వరుస పూర్తిగా వాన్ లేవెన్ సొంతం కాదు. 1963లో అమెరికన్ జానపద బృందం 'ది బిగ్ త్రీ' పాడిన 'ది బాంజో సాంగ్' వింటే మీకే తెలుస్తుంది, పోలిక యాదృచ్ఛికమని ఎవరూ అనలేరు. తమాషా ఏమిటంటే ఆ బృందం కూడా పందొమ్మిదో శతాబ్దానికి చెందిన 'ఓ సుసానా' పాట మాటలనే తీసుకుని కొత్త వరుసలో పెట్టింది. వాన్ లేవెన్ ఆ వరుసను తీసుకుని మాటలు మార్చారు. మార్చేటప్పుడు 'గాడెస్' (దేవత) అనే ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం తప్పు రాశారట, వెరెస్ కాగితంలో ఉన్నది ఉన్నట్లు 'గాడ్‌నెస్' అని పాడారు, రికార్డు అలాగే విడుదలైంది. ఒత్తులు ఎగిరిపోయిన తెలుగు పాటలను కూడా ప్రేమగా వింటూ పెరిగిన మనకు ఇదేమీ పెద్ద నేరంగా అనిపించదు.

ఆల్బమ్‌లో నాకు అంతకంటే దగ్గరైన పాట 'లవ్ బజ్'. దాన్ని చాలా ఏళ్లు అమెరికన్ బృందం నిర్వానా సొంత పాట అనుకున్నాను. 1988లో వచ్చిన వారి తొలి సింగిల్ అదే. సబ్ పాప్ సంస్థ వెయ్యి ప్రతులు, ఒక్కొక్కదానికి సంఖ్య వేసి విడుదల చేసింది. బేస్ గిటార్ ఒకే వరుసను పట్టుకుని తిరిగి తిరిగి నడిపించే పాట కాబట్టి, గుంపులో వెనక నిలబడి ఎవరి కంటా పడని నాలాంటివారికి అదొక పండుగ. హేగ్‌కు వెళ్లిన మొదటి వసంతంలో, ఏప్రిల్ 27న రాజుగారి పుట్టినరోజు నాడు ఊరి జనం ఇళ్లలోని పాత సామాను వీధుల్లో దుప్పట్ల మీద పరిచి అమ్ముకుంటుంటే తిరుగుతున్నాను. పిల్లల బూట్లకూ కాఫీ కప్పులకూ మధ్య ఒక ఎల్‌పీ కనిపించింది. వెనక్కి తిప్పితే పాటల పట్టికలో 'లవ్ బజ్' అని ఉంది. ఇదేమిటని అమ్ముతున్న పెద్దాయనను అడిగితే, అది తమ ఊరి పాటేనని కొంచెం నొచ్చుకున్నట్లు చెప్పి ఎనిమిది యూరోలు తీసుకున్నారు. తర్వాత ఒక సహోద్యోగి ఇంట్లో విన్నాను. నిర్వానా పాడినప్పుడు కోపంగా వినిపించిన వరుస ఇక్కడ మత్తుగా, నింపాదిగా ఉంది. స్వరాలు అవే.

మన దేశంతో ఈ ఆల్బమ్‌కు ఉన్న సంబంధం 'అకా రాగా' అనే వాద్య సంగీతం. దాని స్వరకర్త జాన్ మేయర్ కలకత్తాలో పుట్టి లండన్‌లో స్థిరపడినవారు, జమైకాకు చెందిన శాక్సఫోన్ వాద్యకారుడు జో హారియట్‌తో కలిసి భారతీయ రాగాలనూ జాజ్‌నూ జోడించినవారు. వాన్ లేవెన్ దానిని సితార్‌తో వాయించారు. గమకాలకు అలవాటు పడిన చెవికి అది తీగ మీటినట్లే ఉంటుంది తప్ప సితార్ పలికినట్లు ఉండదు. అయినా నాకు ఇష్టమే, ఎందుకంటే అక్కడ గాయని లేరు, ఉన్నది ఆ నాలుగో మనిషి కోసం చోటు వదిలి వాయించడం నేర్చుకున్న ముగ్గురు.

ప్రచారం సంగతి క్లుప్తంగా చెబుతాను. 'వీనస్' స్వదేశంలో మొదటి స్థానానికి చేరలేదు, మూడో స్థానం దగ్గర ఆగింది. అమెరికాలో జెర్రీ రాస్ అనే నిర్మాత తన కొలోసస్ లేబుల్ మీద దాన్ని విడుదల చేసిన తరువాత 1970 ఫిబ్రవరి 7న అక్కడి పాటల ఆదరణ పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి వెళ్లింది. అదే రాస్ ఆ ఏడాదే హేగ్ పక్కనున్న డెల్ఫ్ట్ ఊరి బృందం 'టీ సెట్'నూ అమెరికాకు పరిచయం చేశారు. రెండో ఆల్బమ్ గొప్పది కాబట్టి పాట గెలిచిందా, పాట గెలిచింది కాబట్టి ఆల్బమ్‌ను గొప్పదంటున్నామా అంటే, కొంత రెండోదే అని ఒప్పుకుంటాను. 'ఎట్ హోమ్'లో ఒకటి రెండు పాటలు ఖాళీ నింపడానికి పెట్టినట్లే ఉంటాయి.

మీకు తేడా చెవికి స్పష్టంగా అందాలంటే ఆల్బమ్‌లను వరుసగా వినకండి. ముందు 'లూసీ బ్రౌన్', తర్వాత 'సెండ్ మీ ఎ పోస్ట్‌కార్డ్', ఆపైన 'లాంగ్ అండ్ లోన్‌సమ్ రోడ్', చివరగా 'వీనస్' వినండి. హెడ్‌ఫోన్ పెట్టుకుని, గొంతును వదిలేసి గిటార్‌ను మాత్రమే పట్టించుకోండి. మొదటి పాట నుంచి నాలుగో పాటకు వచ్చేసరికి గిటార్ ఎంత తక్కువ మాట్లాడుతోందో గమనిస్తే మీ ప్రశ్నకు సమాధానం అక్కడే దొరుకుతుంది. నా ఎల్‌పీలో 'లవ్ బజ్' దగ్గర ఒక గీత పడి సూది ఎగురుతుంది కాబట్టి, ఆ పాటను మాత్రం నేనిప్పటికీ ఫోన్‌లోనే వింటున్నాను.