అంతర్వేదిలో సముద్రం బురదరంగు, విశాఖలో నీలం: ఎందుకు? పోటు వేళ పట్టుకోవడం ఎలా?

మీరు అడిగినవి రెండు. ఒకే బంగాళాఖాతం కదా, రంగు ఎందుకు మారుతుంది? పడవ దింపడానికి పోటు వేళ ముందే ఎలా తెలుస్తుంది?

రంగు సంగతి ముందు. అంతర్వేది ఒడ్డున నిలబడితే కనిపించేది చాలావరకు గోదావరే. వశిష్ఠ పాయ అక్కడే కలుస్తుంది. వరదల్లో నది తెచ్చే ముతక ఇసుక మొగ దగ్గరే, అంటే నది సముద్రంలో కలిసే చోటే, దిగిపోతుంది. సన్న బంకమట్టికి ఉప్పునీరు తగలగానే రేణువులు అతుక్కుని ముద్దకట్టి, చుట్టుపక్కల అడుగున పరుచుకుంటాయి. ఇక్కడ అడుగు వాలు బాగా తక్కువ. అలలు దూరం నుంచే విరుగుతూ ఆ మట్టిని మళ్లీ మళ్లీ కలుపుతాయి. అందుకే నది ఎండిన మార్చిలో కూడా ఒడ్డు నీళ్లు తేటపడవు. విశాఖలో పెద్ద నది లేదు, డాల్ఫిన్స్ నోస్ లాంటి కొండ నేరుగా నీళ్లలోకి దిగుతుంది, లోతు త్వరగా వస్తుంది. ఒడ్డు వదిలి బాగా లోపలికి వెళ్తే అంతర్వేదిలోనూ నీలమే, ఎండాకాలంలో మరీను.

ఇసుక కూడా ఉన్నచోట ఉండదు. నైరుతి రుతుపవనాల అలలు దాన్ని ఉత్తరానికి నెడతాయి. కాకినాడకి అడ్డంగా ఉన్న హోప్ ఐలాండ్ అలా ఏర్పడిన దిబ్బే. దాని చాటున కాకినాడ రేవు నెమ్మదిగా ఉంటుంది. దాని కొన దాటాక ఉప్పాడ కోతకు గురవుతూనే ఉంది.

లోతు ఒడ్డున తెలియదు గానీ, కాకినాడకి ఎదురుగా సముద్రంలో ఉన్న కేజీ డీ6 (కృష్ణా గోదావరి) క్షేత్రంలోని ఆర్ క్లస్టర్ గ్యాస్ బావుల దగ్గర నీటి లోతే 2,000 మీటర్లు దాటుతుంది. ఇంకా లోపల అడుగునంతా గంగా బ్రహ్మపుత్రల ఒండ్రు పరుచుకుని ఉంది. సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున భూమధ్యరేఖ దాటి వెళ్లే ఆ మేట ప్రపంచంలోకెల్లా పెద్దది.

హిందూ మహాసముద్రానికి ఉత్తరాన ఆసియా మూసుకుని ఉంది. అట్లాంటిక్, పసిఫిక్‌లకి లేని లక్షణం ఇది. దీనివల్ల ఏడాదికి రెండుసార్లు గాలి తిరుగుతుంది, తీరం వెంట నీటి ప్రవాహమూ తిరుగుతుంది: ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. వల వదిలాక ఎటు కొట్టుకుపోతుందో అంచనా వేసేటప్పుడు గాలి ఒక్కటే చూస్తే తప్పుతుంది. ఇంకోటి: మహాసముద్రపు నీటిలో ఉప్పు కిలోకి 35 గ్రాములైతే, వానాకాలం తర్వాత ఉత్తర బంగాళాఖాతం పైపొరలో 30కీ తగ్గుతుంది. నదుల తేలిక నీరు మూతలా పైనే ఉండి, కింది చల్లటి నీటిని కలవనివ్వదు. ఆ వెచ్చటి పొర తుపానులకి మేత. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డది ఈ రుతువులోదే.

ఇక పోటు. దీనికి యాప్ కన్నా పంచాంగం, ఒక కర్ర చాలు. అలలు తగలని ఉప్పుటేరు గట్టున, 10 సెంటీమీటర్లకో గీత పెట్టిన కర్ర పాతండి. ఒక్కరోజు పోటు నిండిన గంట రాసుకోండి. తర్వాతి పోటు 12 గంటల 25 నిమిషాలకి, అంటే మర్నాడు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా. పక్షం తిరిగేసరికి ఇంచుమించు మళ్లీ అదే వేళ. అన్నిటికన్నా పెద్ద పోటు అమావాస్య, పున్నమి రోజున కాక, పాడ్యమి విదియల్లో వస్తుంది. అష్టమి వెళ్లాక నవమి దశమికి అతి చిన్నది. కాకినాడ దగ్గర పెద్ద పోటుకీ పాటుకీ (నీరు పూర్తిగా దిగినప్పటి మట్టానికీ) తేడా మీటరున్నర ప్రాంతం, చిన్నదానికి అర మీటరు చిల్లర.

తప్పులు జరిగేది ఇక్కడే. రేవు పోటు పట్టికలో 1.2 అని ఉంటే అక్కడ 1.2 మీటర్ల నీరుందని కాదు. చార్టులో (సముద్రపు లోతులు చూపే పటంలో) ఉన్న లోతుకి దాన్ని కలపాలి. పట్టిక వేళ తీరానిది, పాయలో పైకి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యమవుతుంది, పాటు ఎక్కువసేపు లాగుతుంది. సముద్రమట్టం మార్చి ఏప్రిల్‌లో కన్నా అక్టోబరు నవంబరులో ఎత్తుగా ఉంటుంది కాబట్టి, కార్తీక పున్నమి పోటు చైత్ర పున్నమి పోటు కన్నా గట్టు మీదికి ఎక్కువ ఎక్కుతుంది. అయినా ఉప్పునీరు పాయలో పైదాకా ఎగబాకేది ఎండల్లోనే, ఎదురొత్తే నదినీరు ఉండదు గనక.

మొగ దాటేటప్పుడు ఇసుక తిప్ప మీద లోతు గంటగంటకీ మారుతుంది. పోటు నిండే ముందు గంటలో దాటండి. నీరు అప్పుడు లోపలికే వస్తుంటుంది, పడవ తిప్ప మీద ఆగినా పైకి తేలుతుంది. పాటు లాగుతున్నప్పుడు ఎదురుగా అలలు వస్తే అవి పొట్టిగా, నిట్టనిలువుగా లేస్తాయి. పెద్ద పోటు రోజుల్లో ఈ లాగుడు మరీ గట్టిది. తిప్ప ఆకారం ప్రతి వరదకీ మారుతుంది, నిరుటి దారి నమ్మకండి. కర్రతో పొడిచి చూసుకుంటూ వెళ్లాల్సిందే.