మంత్రి చెప్పినా ఫైలు ఎందుకు కదలదు?

ప్రశ్న: బ్రిటిష్ టీవీ హాస్య ధారావాహిక ‘యస్ మినిస్టర్’లో చాలాసార్లు కార్యదర్శిదే పైచేయి. మన దగ్గరా అంతేనా?

చాలావరకు అంతే. 1980లో బీబీసీలో మొదలైన ఆ ధారావాహికలో శాఖ కార్యదర్శి సర్ హంఫ్రీ తన మంత్రి హ్యాకర్‌ మాట కాదనడం అరుదు. వినయంగా తలూపి, ఒక కమిటీ వేయిస్తాడు. మంత్రులు వస్తారు, పోతారు. ఫైలు, దాని పుట్టుపూర్వోత్తరాలు ఆయన గుప్పిట్లోనే ఉంటాయి.

తిరుపతి సభలో మంత్రిగారు ఒక రోడ్డు ప్రకటించారనుకోండి. చప్పట్లు మోగుతాయి. వారానికి ‘ఆర్థిక శాఖ అభిప్రాయం కోరడమైనది’ అని నోట్ పడుతుంది. ఆ అభిప్రాయం వచ్చాక అటవీ శాఖ గుర్తొస్తుంది (శేషాచలం పక్కనే ఉంది కదా, సాకు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు). ఈలోపు ఎన్నికల కోడ్ వచ్చేస్తుంది. కాదన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ ఉండరు!

ఒక్క తేడా ఉంది. ఐఏఎస్ అధికారిని ఉద్యోగంలోంచి తీసేసే అధికారం రాష్ట్ర మంత్రికి లేదు గానీ, బదిలీ చేయించగలడు. అందుకే మన కార్యదర్శులకూ, కలెక్టర్లకూ కుర్చీ టెన్షన్ ఉంటుంది. నన్నడిగితే మన అసలు హంఫ్రీ, చిత్తూరు కలెక్టరేట్‌లాంటి చోట్ల ఏళ్ళ తరబడి పాత ఫైళ్ళ మధ్య కూర్చునే సూపరింటెండెంటే.